మూడు నిమిషాల నాగయ్య

సినిమా నటుడు పాటల రికార్డు ఇచ్చాడంటే మనలో రెండు గుంపులు బయల్దేరతాయి. అభిమానులు వినకముందే చప్పట్లు కొడతారు, సంగీతం నేర్చినవాళ్ళు వినకముందే పెదవి విరుస్తారు. మదనపల్లెలో పిల్లలకు గాత్రం నేర్పుకుని బతికే నాకు ఈ ఇద్దరితోనూ పేచీ ఉంది. నటుడి పాటను వినే పద్ధతి వేరు. అది పట్టుబడాలంటే చిత్తూరు నాగయ్య దగ్గర కూర్చోవాలి.

నాగయ్య పుట్టింది 1904లో, రేపల్లెలో. పేరు ముందు మాత్రం మా పాత ఉమ్మడి జిల్లా వచ్చి చేరింది. చిత్తూరులో నాటకాలాడి, పద్యాలు పాడి పేరు తెచ్చుకుని, 1938లో ‘గృహలక్ష్మి’తో సినిమాల్లోకి వచ్చారు. మరుసటి ఏడే బి.ఎన్. రెడ్డి తీసిన ‘వందేమాతరం’లో కథానాయకుడూ ఆయనే, సంగీత దర్శకుడూ ఆయనే. ఆ తర్వాత ‘సుమంగళి’, ‘దేవత’, ‘భక్త పోతన’, ‘త్యాగయ్య’, ‘యోగి వేమన’. ఈ వరసంతా పదేళ్ళలోపే అయిపోయింది. 1965లో పద్మశ్రీ ఇచ్చారు. 1973 డిసెంబరు 30న పోయారు. ఇదంతా సినిమా పుస్తకాల్లో దొరికేదే. పుస్తకాల్లో దొరకనిది గొంతు.

గొంతు సంగతి మా ఊరివాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనుకుంటాను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె థియోసాఫికల్ కాలేజీకి వచ్చి జనగణమన పాడి వినిపించారు, ఇక్కడే దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసిపెట్టారు. స్వరాలు మిగిలాయి. ఆ రోజు ఆయన ఎక్కడ ఆగారో, ఏ మాట దగ్గర గొంతు తగ్గించారో ఏ కాగితమూ చెప్పదు. నాగయ్య విషయంలో మన అదృష్టం వేరు. ప్లేటు ఉంది.

ప్లేటంటే పాత 78 రికార్డు. నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. పది అంగుళాల దానికి ఒక పక్కన పట్టేది మూడు నిమిషాలు, సాగదీస్తే మరో పాతిక సెకన్లు. కచేరీలో త్యాగరాజ కీర్తన ఒకటి ఎత్తుకుంటే రాగాలాపన, సంగతులు, నెరవు, స్వరకల్పన కలిసి అరగంటకు పైగా పోతుంది. అదే కీర్తనను మూడు నిమిషాల్లో కుదించాలంటే ఏం తీసేస్తారు? ముందు ఆలాపన పోతుంది, తర్వాత స్వరాలు పోతాయి, సంగతులు రెండో మూడో మిగులుతాయి. చివరికి చేతిలో ఉండేది సాహిత్యం. విద్వాంసుడికి ఇది కాళ్ళు కట్టేసినట్టే. నటుడికి అక్కడే చోటు దొరికింది. మాటను పలికించడం అతని వృత్తి కదా!

పుంగనూరులో మైకు సెట్టు నడిపి బతికిన పెద్దాయన ఒకరున్నారు. సుగుటూరు గంగమ్మ జాతరకు, పెళ్ళిళ్ళకు, గుడి ఉత్సవాలకు చెట్టు కొమ్మకు హారను కట్టి పాటలు వేసిన మనిషి. డీజేల కాలం వచ్చాక ఆయన యాంప్లిఫయరు అటకెక్కింది కానీ, ప్లేట్లు ట్రంకు పెట్టెలో భద్రంగా ఉన్నాయి. కీ ఇచ్చే గ్రామఫోను కూడా ఉంది. ఒక పక్క వినిపించి, ఆ సూది తీసి డబ్బాలో పారేసి, కొత్తది బిగించారు. ఇంకోసారి వాడుకోవచ్చు కదా అంటే, “అరిగిన సూది పెడితే ప్లేటును గొరిగేస్తాదమ్మా” అన్నారు. ఇనుప సూది ఒక్క పక్క తిరిగేసరికే మొన అరిగిపోతుంది. రెండోసారి పెడితే అది గాడిని చెక్కడం మొదలుపెడుతుంది.

‘త్యాగయ్య’ ప్లేటు మొదలైంది. ముందు పెసలు వేయించినట్టు చిటపట. దాని వెనక నుంచి గొంతు వచ్చింది. పెద్దాయన చెయ్యెత్తి, “ఈయప్ప పాడేది గుళ్ళో దేవుడికి కాదు. ఎదురుగా నిలబడినోడికి చెప్తా ఉండాడు, చూడు” అన్నారు. సంగీతశాస్త్రం తెలియని ఆయన చెప్పిన ఆ ఒక్క మాటకు సరిపోయే విమర్శ నాగయ్య మీద నేను ఇంకోటి చదవలేదు. సాహిత్యంలో ప్రశ్న వచ్చిన చోట నాగయ్య నిజంగానే అడుగుతారు. మాట ముందు రవ్వంత ఆగుతారు, ఊపిరి వినబడనిస్తారు, చివరి అచ్చును సాగదీయకుండా కిందికి దించి వదిలేస్తారు. మా క్లాసులో పిల్లలకు ఒకే కీర్తనను ఒక విద్వాంసుడి గొంతులోనూ నాగయ్య గొంతులోనూ వినిపించి మాటలు రాయమన్నాను. విద్వాంసుడి పాటకు రాగం పేరు రాసిన పిల్లలు నాగయ్య పాటకు సాహిత్యం మొత్తం రాసేశారు.

ఇలా మాట్లాడినట్టు పాడటం సాధ్యమవడానికి మైకు కారణం. 1925కు ముందు రికార్డింగంటే పెద్ద బాకాలోకి గట్టిగా పాడటమే. మెల్లగా పాడితే మైనం మీద గీత పడేది కాదు. నాటకాల వాళ్ళకది పెద్ద ఇబ్బంది కాలేదు, ఆఖరి బెంచీ దాకా వినబడేలా హెచ్చు శ్రుతిలో పాడటం వాళ్ళకు అలవాటే. విద్యుత్తుతో రికార్డు చేసే మైకులు వచ్చాక గుసగుస కూడా ప్లేటెక్కింది. హిందీలో కె.ఎల్. సైగల్ ఆ సంగతి పట్టేశారు. నాటకాల నుంచి వచ్చినా, అరవకుండా పాడొచ్చని మన భాషలో చూపించినవాళ్ళలో నాగయ్య ముందు వరసలో ఉంటారు.

పొరుగు భాషల నటగాయకుల పక్కన పెడితే నాగయ్య తీరు ఇంకా బాగా తెలుస్తుంది. మా అత్తగారి ఊరు కుప్పం. టీ అంగడిలో మూడు భాషలు వినబడతాయి, కాబట్టి పాడిన నటులూ ముగ్గురు. మా మామగారి ఇంట్లో తమిళ ప్లేట్లుండేవి, ఎం.కె. త్యాగరాజ భాగవతార్‌వి. 1941లో వచ్చిన ‘అశోక్ కుమార్’లో భాగవతార్ కునాలుడు, మన నాగయ్య అశోక చక్రవర్తి. ఆ ఇద్దరి పాటలు వెంటవెంటనే వింటే నేను చెప్పిన తేడా పాఠం అక్కర్లేకుండానే తెలిసిపోతుంది. భాగవతార్ గొంతు పైస్థాయిలో తీగలా మోగుతుంది, నాగయ్యది పక్కన కూర్చుని మాట్లాడుతుంది. మూడోవారు కన్నడ రాజ్‌కుమార్. ఆయన భక్తిగీతాల క్యాసెట్లు కుప్పం బజారులో మోగని రోజుండేది కాదు. 1992లో వచ్చిన ‘జీవన చైత్ర’లో పాటకు నటుడైన ఆయనకు గాయకుడిగా జాతీయ పురస్కారం వచ్చింది. తెలుగులో చేసిన ఒకే ఒక్క సినిమా మా పాత ఉమ్మడి జిల్లా గుడి కథే, 1954 నాటి ‘కాళహస్తి మహాత్మ్యం’.

నాగయ్యను మోసేసే అభిమానులకూ ఒక మాట చెప్పాలి. ఆయనకు వేగం పడదు. ద్రుతకాలంలో గమకాలు పలచబడతాయి. మంద్రంలో గొంతు నిలిచినంత అందంగా తారస్థాయిలో నిలవదు. కల్పనా సంగీతం కావాలంటే ఆయన దగ్గరికి వెళ్ళొద్దు. కానీ బాపు 1981లో మళ్ళీ ‘త్యాగయ్య’ తీసినప్పుడు ఏం జరిగిందో చూడండి. నటించింది జె.వి. సోమయాజులు, పాడింది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. గాత్రం ఎంత బాగున్నా పాటలు మాత్రమే వింటుంటే నాకు కనబడేది బాలు. 1946 నాటి నాగయ్య ‘త్యాగయ్య’ పాటలు వింటే త్యాగయ్యే కనబడతాడు. పాడిన గొంతూ నటించిన ఒళ్ళూ ఒక్కటే కావడంలో ఉన్న లాభం ఇది. 1947 నాటి ‘యోగి వేమన’ పద్యాలూ అంతే. మదనపల్లె నుంచి కదిరి వైపు వెళ్తే కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. అక్కడికి వెళ్ళినవాళ్ళలో చాలామంది వేమన అనగానే మనసులో చూసుకునే ముఖం నాగయ్యదే.

ఇప్పుడు ఫోనులో వినేవాళ్ళకు ఒక చిన్న హెచ్చరిక. పాత ప్లేట్లను ఎక్కించేవాళ్ళు తిరిగే వేగాన్ని అన్నిసార్లూ సరిచూడరు. నా దగ్గరున్న ఒకే పాట రెండు నకళ్ళను శ్రుతిపెట్టె పక్కన పెట్టి చూస్తే అర శ్రుతి తేడా వచ్చింది. వేగం పెరిగితే గొంతు సన్నబడుతుంది, లయ పరుగెడుతుంది, నాగయ్య పెట్టిన ఆ చిన్న విరామాలు కరిగిపోతాయి. ఒక నకలు నచ్చకపోతే ఇంకోటి వెదకండి. వీలైతే ఇయర్‌ఫోను పక్కన పెట్టి ఒక్క స్పీకరులో వినండి. ఆ పాటలను అచ్చేసింది ఒక్క గొట్టంలోంచి వినడానికే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఇళ్ళ అటకల మీద ఇలాంటి ప్లేట్లు ఇంకా ఉన్నాయి. పాత సామాన్ల వాడికి కిలోల లెక్కన వేయకండి. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. మూడు భాషల నటగాయకుల గొంతులకు అక్కడ ఒక భాండాగారం పెడితే బాగుంటుంది, అడిగితే ప్లేట్లు ఇచ్చేవాళ్ళు ఉంటారు. అంతవరకు వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలువుగా పెట్టండి, ఎండ తగలనీయకండి, కాస్త తడి చేసిన మెత్తటి గుడ్డతో గాడి వెంబడి తుడవండి. స్పిరిట్ మాత్రం ముట్టించకండి. ఆ ప్లేట్లలో ఉండేది లక్క, స్పిరిట్ తగిలితే కరిగిపోతుంది.