పనియు నొక మందే

మామిడితోటలు గల మా తిరువూరు ప్రాంతమున వేసవి వచ్చినదనగా ఇంటింట ఆవకాయ సందడియే. అట్టి దినములలో, పక్షవాతము వచ్చి యొక చేయి స్వాధీనము తప్పిన పెద్దావిడను మంచముపై కూర్చుండబెట్టి, “అత్తయ్యగారూ, మీరు కదలవద్దు. అన్నీ మేము చూచుకొంటాము” అని కోడండ్రు చెప్పుట పరిపాటి. అది ప్రేమయే, సందేహము లేదు. కాని నలుబదియేండ్లు ఉప్పుకారముల పాళ్లు తానే చెప్పిన ఇల్లాలికి, ఆ మాటతో ఇంటిలోని స్థానము కూడ పోయినట్లు తోచును.

ఈ బాధను గుర్తించిన చికిత్స యొకటి కలదు. దానిని ఆక్యుపేషనల్ థెరపీ యందురు. ఇచట ఆక్యుపేషన్ అనగా జీతము తెచ్చు ఉద్యోగము మాత్రమే కాదు. స్నానము, కట్టు బొట్టు, వంట, పూజ, ముగ్గు మొదలుగా మన దినమును నింపు ప్రతి పనియు నందు చేరును.

పనికి రోగిని తేర్చు గుణము కలదను తలంపు పాతదే. 1796లో ఇంగ్లండునందలి యార్కు నగరమున విలియం ట్యూక్ నెలకొల్పిన ఆశ్రమములో మనోవ్యాధిగ్రస్తులను సంకెళ్లతో బంధింపక, తోటపని, కుట్టుపని మొదలగునవి యిచ్చి ఆదరించిరి. 1917లో అమెరికాలో ఈ చికిత్సకై సంఘ మేర్పడెను. ఎలియనార్ క్లార్క్ స్లాగిల్ యను వనిత దాని స్థాపకులలో నొకరు. మొదటి మహాయుద్ధమున గాయపడిన సైనికులకు చేతిపనులు నేర్పి తేర్చుటకై అనేకులు స్త్రీలు సేవకు వెడలిరి.

తరువాత కొంతకాలము కండరముల బలమును, కీళ్ల కదలికను కొలుచుటయే ముఖ్యమై, అసలు పని వెనుకబడెను. 1961లో మేరీ రైలీ మరల మూలమునకు రావలెనని గట్టిగా వాదించిరి. నేడు చికిత్సకులు మొదట అడుగు ప్రశ్న, “మీకు ఏ పని చేయవలెనని యున్నది?” అనునదే.

మన దేశమున ఈ విద్యకు తొలి పాఠశాల 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో వెలసెను. దానిని స్థాపించిన కమలా నింబ్కర్ అమెరికాలో పుట్టి మన దేశపు కోడలైన విదుషీమణి.

సోదరీమణులారా, ఈ విద్యాసారమును మన వంటయింటికి తెచ్చుకొందము. ఏ పని యెప్పుడు ఆరంభింపవచ్చునో ముందుగా వైద్యుని అడుగవలెను. పెద్దావిడకు కాయలు కొట్టు కత్తి వద్దు, ముక్కలు తుడుచు పని చాలును. పళ్లెము జారకుండ క్రింద తడిగుడ్డ పరచి, బలహీనమైన చేతిని పళ్లెముపై ఆనించి, మంచిచేతితో తుడువనిండు. గరిటెకాడకు గుడ్డ చుట్టి లావు చేసిన పట్టు సులభమగును. పాళ్లు మాత్రము ఆమెనే అడుగుడు. రవిక తొడుగునపుడు బలహీనమైన చేతిని ముందు దూర్చవలెను, విప్పునపుడు దానిని కడపట తీయవలెను. ఆ చేయి పట్టి లాగి లేపరాదు, భుజము దెబ్బతినును. స్పర్శ తగ్గిన చేతిని పొయ్యి దాపునకు రానీయరాదు. అలసట తోచినచో పని ఆపవలెను.

చేయి పూర్వమువలె తిరిగి రాకపోవచ్చును. ఐనను ఆ యేటి ఆవకాయ తన చేతి పాళ్లదే యను తృప్తి ఆమెకు దక్కును. పది నిమిషముల పనికి అరగంట పట్టును. ఆ యాలస్యమును సహించుటయే మనము చేయగల శుశ్రూష యని మా మనవి.