పికప్‌కి వీల్స్, టైర్లు, షాక్‌లు: ముందు ఏది మార్చాలి?

ఫ్రెండ్స్, ఈసారి ఫోన్ కాదు, బండి. నాది ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్, మన శ్రీసిటీలో తయారైన పికప్. వారమంతా విజయవాడలో తిరుగుతుంది, ఆదివారం కైకలూరు వైపు మా చేపల చెరువుకి మేత బస్తాలు మోస్తుంది. అప్‌గ్రేడ్ అనగానే నేనూ అందరిలాగే కళ్లకి కనపడేదాంతో మొదలుపెట్టా: 20 ఇంచుల అల్లాయ్స్. అక్కడే తప్పు చేశా.

టైర్ మీద నంబర్‌ని ఫోన్ స్పెక్స్ లాగే చదవాలి. నా బండికి కంపెనీ ఇచ్చింది 255/60 ఆర్18. 255 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 60 అంటే సైడ్‌వాల్ ఎత్తు అందులో ఎంత శాతమో, 18 రిమ్ సైజు. అంటే రిమ్‌ని కాపాడటానికి 153 మి.మీ. సైడ్‌వాల్ ఉంది. నేను వేసిన 265/50 ఆర్20లో అది 132కి పడిపోయింది. చూడ్డానికి మాత్రం అదిరింది!

మూడో వారం వానలో, కాలవ గట్టు మీద, నీళ్లు నిండిన గుంతలో ముందు చక్రం పడింది. రిమ్ అంచు వంగి గాలి ఒక్కసారిగా పోయింది. వెనక మేత బస్తాలు, పక్కన నాన్న, ఎడమ పక్క నిండు కాలవ. స్పీడు ముప్పై లోపే ఉంది కాబట్టి ఇది రాయగలుగుతున్నా.

తర్వాత ఆటోనగర్‌లో ఒక పెద్ద మెకానిక్ రిమ్ వైపు చూడనే లేదు. "ముందు షాకులు చూద్దాం బాబూ" అని ముందు మూల మీద గట్టిగా నొక్కి వదిలాడు. ఒకసారి లేచి ఆగాల్సిన బండి ఊగుతూనే ఉంది. షాక్ బాడీ మీద ఆయిల్ జారిన మరక కూడా ఉంది.

చాలామంది షాకే బరువు మోస్తుందనుకుంటారు. కాదు. బరువు మోసేది ముందు కాయిల్ స్ప్రింగ్, వెనక కమాన్ కట్టలు. షాక్ పని వాటి ఊపు ఆపడం. అది పోతే గతుకుల్లో టైర్ ఎగిరెగిరి పడుతుంది. రోడ్డుని తాకని టైర్‌కి బ్రేక్ వేసి ఏం లాభం? గతుకులు వరసగా వస్తే లోపలి ఆయిల్ వేడెక్కి నురగ కడుతుంది, అప్పుడు షాక్ ఇంకా మెత్తబడుతుంది. లోపల నైట్రోజన్ నింపిన గ్యాస్ షాక్‌లు ఈ నురగని తగ్గిస్తాయి. నేను నాలుగూ అవే వేయించా. నా లెక్కలో డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు ఇదే.

రెండోది టైర్లు. మన నల్లరేగడి తడిస్తే హైవే టైర్ గాళ్లలో నిండిపోతుంది, ఇక నున్నటి టైరే. మడ్ టైర్ వేస్తే బందరు రోడ్డు మీద మోత భరించలేం. మధ్యలో ఆల్ టెర్రైన్ సరిపోతుంది. పాత 18 రిమ్‌లు మళ్లీ ఎక్కించి, అదే 255/60 సైజులో తీసుకున్నా. లోడ్ ఇండెక్స్ తప్పకుండా చూడండి: 112 అంటే ఒక్కో టైర్‌కి 1,120 కిలోలు, 108 అంటే 1,000. కంపెనీ ఇచ్చినదానికంటే తగ్గకూడదు. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి.

వీల్స్ చివర్న, అదీ తప్పదనుకుంటేనే. బయటికి పొడుచుకొచ్చే రిమ్ వేస్తే బేరింగ్ మీద భారం పెరుగుతుంది. పైగా కంపెనీ స్పెసిఫికేషన్ దాటి బండి మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా ఇబ్బందే.

వంగని మూడు 20 ఇంచుల అల్లాయ్స్ చెరువు దగ్గర షెడ్‌లో ఉన్నాయి. ఒకటి తక్కువైన సెట్ ఎవరూ కొనట్లేదు.