అతిథి యంత్రం అడగరానిది అడిగినప్పుడు

చెన్నైలో వ్యాసర్పాడి జీవా స్టేషన్ మీదుగా అరక్కోణం వైపు సాగే లోకల్ రైలు మార్గంలో, పెరంబూరు, విల్లివాక్కం, కొరట్టూరు దాటాక అంబత్తూరు వస్తుంది. పారిశ్రామిక వాడగా పేరుపొందిన ఆ ప్రాంతంలో కర్మాగారాల సరసన ఇప్పుడు డేటా కేంద్రాలు కూడా నడుస్తున్నాయి. మైక్రోసాఫ్ట్ సంస్థ 2015లో తన క్లౌడ్ సేవలకు చెన్నైని ఒక స్థావరంగా చేసుకోగా, అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులో అటువంటి స్థావరాన్నే తెరిచింది. ఇలాంటి చోట్ల ఒక్కొక్క భౌతిక కంప్యూటరులో, సాఫ్ట్‌వేర్ కల్పించిన అనేక కంప్యూటర్లు పక్కపక్కనే కాపురముంటాయి. వీటిని వర్చువల్ మెషీన్లు అంటారు. చోటిచ్చిన యంత్రం ఆతిథేయి, అందులో నడిచే కల్పిత యంత్రం అతిథి. అతిథి లోపల ఏ ప్రోగ్రాము నడుస్తున్నదో, దాన్ని నడిపేవారు ఎటువంటివారో ఆతిథేయికి తెలియదు. తెలియకపోయినా అది అడిగిన పని చేసిపెట్టాలి.

ఆ పనుల్లో ముఖ్యమైనది డిస్కు. అతిథి తనకు సొంత డిస్కు ఉందనే అనుకుంటుంది గాని, నిజానికి అది తరచుగా ఆతిథేయి దగ్గరున్న ఒక పెద్ద ఫైలు మాత్రమే. ఈ ఏర్పాటును నడిపే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నా, ఎవరైనా తెరిచి చదువుకోగల క్యూఎము ఇక్కడ ఉదాహరణకు అనువైనది; ఫాబ్రిస్ బెల్లార్ దీన్ని 2003లో వెలువరించాడు. అతిథికీ డిస్కుకూ మధ్య సంభాషణ ఎలా సాగాలో చెప్పే వర్ట్‌ఐఓ పద్ధతిని రస్టీ రస్సెల్ రూపొందించి 2008లో ఒక పత్రంలో వివరించాడు. దాని ప్రకారం ప్రతి అభ్యర్థనకూ మూడు భాగాలుంటాయి: చదవాలా రాయాలా అన్నదీ, 512 బైట్ల గడుల లెక్కన డిస్కులో ఏ గడి నుంచి మొదలుపెట్టాలన్నదీ తెలిపే 16 బైట్ల శీర్షిక, ఆ తరువాత అసలు సమాచారం, చివర ఆతిథేయి జవాబు రాయడానికి విడిచిపెట్టిన ఒకే ఒక్క బైటు. అందులో సున్నా పడితే పని జరిగినట్టు, 1 పడితే విఫలమైనట్టు, 2 పడితే అటువంటి పని ఈ పరికరానికి చేతకాదన్నట్టు.

అభ్యర్థన రూపం చెడే దారులు అనేకం. శీర్షికే లేకపోవచ్చు, లేదా జవాబు బైటుకు చోటే విడవకపోవచ్చు. అభ్యర్థన ముక్కలు గొలుసుగా ఒకదాని తరువాత మరొకదాన్ని చూపుతూ ఉంటాయి గనుక, చివరి ముక్క మళ్లీ మొదటిదాన్నే చూపితే, ముక్కలను లెక్కపెట్టని ఆతిథేయి గానుగెద్దులా అక్కడే తిరుగుతూ ఉండిపోతుంది. అన్నిటికన్నా సూక్ష్మమైనది హద్దుల లెక్క. మొదటి గడి సంఖ్యకు కావలసిన గడుల సంఖ్యను కూడి, మొత్తం డిస్కు హద్దును దాటిందా లేదా అని చూడడం ఎవరికైనా తోచే పద్ధతి. కాని పాతకాలపు స్కూటరు మీటరు 99999 దాటగానే 00000కు తిరిగినట్లు, 64 బిట్ల సంఖ్య కూడా హద్దు దాటగానే సున్నాకు వస్తుంది కాబట్టి, అతిథి కావాలని పెద్ద సంఖ్య పంపితే ఆ కూడిక చిన్న ఫలితాన్నిచ్చి పరీక్ష నెగ్గుతుంది. అందుకే క్యూఎము కూడదు, తీసివేస్తుంది: మొదటి గడి హద్దులోనే ఉందని ముందు తేల్చుకుని, ఆపైన మిగిలిన గడులకంటే అడిగినవి ఎక్కువా అని చూస్తుంది. కూడికకు బదులు తీసివేత పెట్టిన ఆ చిన్న మార్పులో ఎంతో అనుభవం దాగి ఉంది.

పరీక్షించకుండా నమ్మితే ఏమవుతుందో 2015 మే నెలలో బయటపడిన ‘వెనమ్’ లోపం చూపింది. క్యూఎములోని కల్పిత ఫ్లాపీ డిస్కు భాగానికి, ఆదేశాలు పోగుచేసుకోవడానికి 512 బైట్ల చోటు ఉండేది. కొన్ని ఆదేశాల విషయంలో ఆ చోటు నిండినదీ లేనిదీ చూడకపోవడంతో, అతిథి పంపిన సమాచారం అంచు దాటి ఆతిథేయి జ్ఞాపకంలోకి పొంగి పొర్లే వీలుండేది. ఫ్లాపీలు వాడుక తప్పి ఏళ్లు గడిచినా, ఆ లోపం 2004 నుంచీ అక్కడే పడి ఉంది.

దీనికి భయపడి మరో కొసకు పోవడమూ తప్పే. తప్పుడు అభ్యర్థన కనబడగానే, శీర్షిక లేదని ఒక మాట నమోదుచేసి క్యూఎము తనంతట తానే ముగిసిపోవడం చాలాకాలం నడిచిన ఆనవాయితీ. అది ముగిస్తే ఆ అతిథి మొత్తం కూలిపోతుంది. తప్పు చేసినదీ నష్టపోయినదీ అతిథే గనుక ఇందులో అన్యాయం లేదనిపిస్తుంది. అయితే అతిథి లోపల మరో అతిథి కూడా ఉండవచ్చు. మొదటి అతిథి తన డిస్కు పరికరాన్ని లోపలి అతిథికో, అధికారం తక్కువున్న ఒక ప్రోగ్రాముకో అప్పగించినప్పుడు, ఆ లోపలివాడు పంపిన ఒక్క చెడ్డ అభ్యర్థన బయటి యంత్రాన్నంతటినీ, అందులోని నిరపరాధులందరితో సహా, పడగొట్టగలదు. చలానా తప్పుగా నింపినవాడికి గుమాస్తా దాన్ని వెనక్కి ఇస్తాడే తప్ప బ్యాంకు తలుపులు మూయడు. ఈ దృష్టితోనే 2016లో క్యూఎము రచయితలు, ముగిసిపోయే ఆ చోట్లను ఒక్కొక్కటే వెతికి మార్చారు.

కొత్త పద్ధతిలో తప్పు ఎంత దూరం పాకిందో అంతవరకే శిక్ష. గడి సంఖ్య హద్దు దాటితే జవాబు బైటులో 1 రాస్తారు. మిగిలిన అభ్యర్థనలకు ఏ అడ్డూ ఉండదు. గొలుసే చెడి, జవాబు రాయడానికి నమ్మదగిన చోటే లేకపోతే, ఆ ఒక్క పరికరాన్ని మాత్రం ఆపి, దాని స్థితి సంఖ్యలో 64 విలువ గల బిట్టును వెలిగిస్తారు. తనను తిరిగి మొదటి స్థితికి తెమ్మని పరికరం అతిథిని కోరుతున్నదని దాని అర్థం. అతిథిలోని మిగతా పరికరాలూ, ప్రాసెసరూ యథావిధిగా నడుస్తూనే ఉంటాయి.

అయినా ఇక్కడ ఒక కష్టం మిగిలింది. ఆ బిట్టు వెలిగే క్షణానికి దారిలో ఉన్న అభ్యర్థనలు పూర్తయ్యాయని గాని, పూర్తి కాలేదని గాని అతిథి భావించరాదని వర్ట్‌ఐఓ ప్రమాణమే చెబుతుంది. కాబట్టి ఒక ఖాతాలో జమ రాస్తూ ఉన్న ప్రోగ్రాము, ఆ గడిని తిరిగి చదివి చూసుకున్న తరువాతే ముందుకు సాగాలి.