డీజిల్ బండికి గాలి పట్టినప్పుడు

సంఘాల లెక్కలు తనిఖీ చేసేటప్పుడు మేము తరచు చూసే పద్దు ఒకటుంది: “పులిసిన పాలు - తగ్గింపు”. పితికిన పాలు పశువు ఒంటి వేడితోనే ఉంటాయి. మూడు, నాలుగు గంటల్లోపు 4 డిగ్రీల సెంటీగ్రేడు దాకా చల్లబరచకపోతే సూక్ష్మజీవులు పెరిగి పాలు పులుస్తాయి. సభ్యుడు శుభ్రంగా పితికినా, కార్యదర్శి సరిగ్గా కొలిచినా, లారీ దారిలో నిలిచిపోతే ఆ కష్టమంతా నేలపాలే. డీజిల్ పైపుల్లో గాలి చేరి బండి ఆగిపోవడం అలాంటి కారణాల్లో ఒకటి. విషయం తెలిసినవారు దీనిని పావుగంటలో సరిచేయగలరు.

చాలా ఏళ్ల కిందట ఒక వేసవిలో పలమనేరు వైపు నుంచి చిత్తూరు వస్తున్న పాల లారీ ఒకటి మొగిలి ఘాట్‌లో ఆగిపోయింది. అందులో మేమూ ఉన్నాము. ట్యాంకులో డీజిల్ అడుగంటింది. వాలులో ఉన్న కాస్తా ఒక మూలకు చేరి, పీల్చే గొట్టానికి గాలి అందింది. డ్రైవరు పదే పదే సెల్ఫు కొట్టాడు. బ్యాటరీ దిగిపోయిందే గాని ఇంజను లేవలేదు. బండిలో ఒక్క స్పానరూ లేదు. మెకానిక్కు వచ్చి గాలి తీసి, బండిని వాలులోకి నెట్టి స్టార్టు చేసేసరికి మధ్యాహ్నమైంది. క్యాన్ల మూతలు తీస్తే పుల్లటి వాసన. నష్టం ఎవరి ఖాతాలో వేయాలన్న తగవు సర్వసభ్య సమావేశం దాకా వెళ్ళింది. చివరకు భరించింది ఆవులు మేపిన సభ్యులే.

గాలి చేరితే ఏమవుతుంది?

బావి మీది మోటారుకు గాలి పట్టితే నీరు ఎత్తదని మన రైతులకు తెలుసు. ఇదీ అటువంటిదే. డీజిల్ ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకు, అక్కడి నుంచి ఫిల్టర్లకు, తరువాత ఎఫ్.ఐ. పంపుకు, చివరకు నాజిళ్ళకు పోతుంది. ఈ పంపులను జర్మనీలో బాష్ సంస్థ 1927లో పెద్ద ఎత్తున తయారు చేయడం ఆరంభించింది. మన దేశంలో 1951లో స్థాపించిన మైకో వీటిని తయారు చేసింది. పాత రకం ఇంజన్లలో నాజిల్ తెరుచుకోవడానికి చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోల ఒత్తిడి కావాలి. డీజిల్ దాదాపు అణగదు గనుక పంపు తోపు నాజిల్‌కు చేరుతుంది. నడుమ గాలి ఉంటే అది స్ప్రింగులా అణిగి మళ్ళీ ఉబ్బుతుంది. నాజిల్ తెరుచుకోదు.

గాలి తీసే పద్ధతి (పాత రకం ఇంజన్లకు)

1. బండిని సమతలంలో నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు పెట్టాలి. ట్యాంకులో చాలినంత డీజిల్ పోయాలి. స్టాప్ లివరు లాగి ఉన్నదేమో చూడాలి.

2. స్క్రూల చుట్టూ దుమ్ము తుడవాలి. ఫిల్టరు మీది బ్లీడింగ్ స్క్రూను రెండు మూడు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపు మీది చేతి ప్రైమరును విప్పి కొట్టాలి. మొదట నురుగు, బుడగలు వస్తాయి. బుడగలు పోయి డీజిల్ ధారగా వస్తున్నప్పుడే స్క్రూ బిగించాలి. రెండు ఫిల్టర్లుంటే ఒకదాని తరువాత ఒకటి చేయాలి.

3. ఎఫ్.ఐ. పంపు మీది స్క్రూ వద్ద కూడా ఇట్లే చేయాలి. తరువాత ప్రైమరు పిడిని తిప్పి బిగించడం మరువరాదు. వదులుగా ఉంటే అక్కడే కారుతుంది.

4. అప్పటికీ ఇంజను లేవకపోతే నాజిల్ పైపుల నట్లు ఒక చుట్టు వదులు చేసి సెల్ఫు కొట్టాలి. డీజిల్ చిమ్మిన పైపును అప్పుడే బిగించాలి. ఒక్కసారికి 10, 15 సెకన్లకు మించి సెల్ఫు కొట్టరాదు. నడుమ ఒక నిమిషం ఆగాలి.

హెచ్చరిక

చిమ్మే డీజిల్‌కు చేయి అడ్డం పెట్టకూడదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరుతుంది. గాయం సూదిపోటంత కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండరాదు.

కామన్ రైల్ ఇంజన్లున్న కొత్త బండ్లకు నాలుగవ పని ఎంతమాత్రం చేయరాదు. వాటిలో ఒత్తిడి పాత ఇంజన్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చేతి ప్రైమరు ఉంటే అది కొట్టడం వరకే మన పని. తరువాత మెకానిక్కును పిలవాలి.

గాలి ఎక్కడిది?

డీజిల్ పూర్తిగా అయిపోవడం, ఫిల్టరు మార్చి గాలి తీయకపోవడం, అరిగిన రాగి వాషరు, పగిలిన రబ్బరు పైపు ముఖ్య కారణాలు. ట్యాంకుకు, ఫీడ్ పంపుకు నడుమ చిల్లు పడితే ఇంజను నడిచేటప్పుడు డీజిల్ కారదు, గాలినే లోపలికి పీలుస్తుంది. అందుచేత “ఎక్కడా కారడం లేదు” అని డ్రైవరు చెప్పినంత మాత్రాన నమ్మరాదు. గాలి తీసిన మరునాడే మళ్ళీ పట్టితే ఆ పైపునే మొదట చూడాలి.

బల్క్ కూలరు జనరేటరుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ట్యాంకు పైన ఉన్నవాటిలో ఫిల్టరు స్క్రూ వదులు చేస్తే డీజిల్ తనంతట తానే దిగి గాలిని నెట్టివేస్తుంది.

ప్రతి సంఘమూ తమ పాల బండిలో రెండు స్పానర్లు, కొన్ని రాగి వాషర్లు, ఒక శుభ్రమైన గుడ్డ ఉండేటట్లు చూడాలి. ట్యాంకు పావు వంతుకు తగ్గకముందే డీజిల్ పోయించాలని బండి ఒప్పందంలోనే రాసుకోవాలి. ఈ ఖర్చు ఒక క్యాను పాల వెలకు మించదు. వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ విషయం చర్చించవలసిందిగా అధ్యక్షులను, కార్యదర్శులను కోరుతున్నాము.