మీకు తెలుసా? ముందు కాగితం, తర్వాతే మార్కర్

జిరాక్స్ షాపులో వాడే ఏ4 కాగితమూ, ఆర్టిస్టులు ఏరికోరి తెప్పించుకునే మార్కర్ ప్యాడ్‌లోని కాగితమూ దాదాపు ఒకే బరువని మీకు తెలుసా? రెండూ 70, 75 జీఎస్ఎం దగ్గరే ఉంటాయి. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క అది. చేత్తో పట్టుకుంటే పెద్ద తేడా తెలియదు. మార్కర్ ఆనించగానే తెలిసిపోతుంది. జిరాక్స్ కాగితం మీద గీత అంచుల నుంచి రంగు సన్నని పోగులుగా పక్కలకు పాకుతుంది. కాగితం తిప్పి చూస్తే బొమ్మంతా వెనక్కి దిగి ఉంటుంది. దాని కిందున్న పేజీకీ మచ్చలు పడతాయి. మార్కర్ కాగితానికి మాత్రం రంగు అవతలికి దిగకుండా పూత వేసి ఉంటుంది. పల్చగా ఉండి కూడా నిలబడేది ఆ పూత బలంతోనే.

కాబట్టి మందంగా ఉన్నదే మంచి కాగితమన్న లెక్క ఇక్కడ చెల్లదు. 300 జీఎస్ఎం వాటర్‌కలర్ షీటు నీటి రంగులకు గొప్పది. కానీ దాని గరుకుతనానికి మార్కర్ బ్రష్ నిబ్ త్వరగా అరిగిపోతుంది, పైగా అది ఇంకును బాగా తాగుతుంది. నున్నని బ్రిస్టల్ షీటో, మార్కర్ ప్యాడో తీసుకుంటేనే పని సాఫీగా సాగుతుంది.

పెదకూరపాడులో ఉండి, పగలంతా పనులు చూసుకుని సాయంత్రాలు బొమ్మలు వేసుకునే మనిషి మంచి సరుకు కావాలంటే రైలెక్కి గుంటూరు వెళ్లాలి, లేదా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాలి. డబ్బు కూడబెట్టి కొనేటప్పుడు కన్ను ముందు అరవై రంగుల సెట్ మీద పడుతుంది. అది సహజం. కానీ మొదటి డబ్బు కాగితం మీద పెట్టమనే నేను గట్టిగా చెబుతాను. పీల్చే కాగితం మీద అదే జాగా నింపడానికి ఎక్కువ ఇంకు ఖర్చవుతుంది. చౌక కాగితం వాడి మిగిల్చామనుకున్న డబ్బు ఖరీదైన మార్కర్ త్వరగా ఎండిపోవడంలో పోతుంది.

రంగు పాకకుండా ముందే ఉపరితలాన్ని సిద్ధం చేసుకోవడం మన శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులకు తరతరాలుగా తెలిసిన విద్య. నేత గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెడతారు. పాలలోని కొవ్వు గుడ్డ పోగులకు పట్టి, గీసిన గీత పక్కకు పాకకుండా ఆపుతుంది. కరక్కాయలోని వగరు ఇంకో పని చేస్తుంది. తుప్పు పట్టిన ఇనప ముక్కలను బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరబెట్టి కసిమి అనే ద్రవం తయారుచేస్తారు. అది కలంలో ఉన్నప్పుడు పెద్దగా రంగున్నట్టే కనిపించదు. గుడ్డకు తగలగానే ఇనుమూ కరక్కాయ వగరూ కలిసి గీత నల్లబడుతుంది.

ఇక ఆ కలాన్ని దగ్గరగా చూడండి. వెదురు పుల్లనో ఈత పుల్లనో మొన తీసి, మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. దాన్ని రంగులో ముంచితే ఉన్ని రంగును పట్టి ఉంచుతుంది. వేళ్లతో మెల్లగా నొక్కితే రంగు మొన దగ్గరికి దిగుతుంది. ఎంత నొక్కితే అంత గీత. అమెరికాలో 1953లో సిడ్నీ రోసెంతాల్ తెచ్చిన మ్యాజిక్ మార్కర్‌లో గాజు సీసాలో ఇంకు, దాని మూతిలో ఉన్ని ఫెల్టు వత్తి ఉండేవి. ఉన్నిలో ఇంకు నిలిపి అదుపుగా దించడమనే సూత్రం రెండిట్లోనూ ఒకటే. కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది ఈ పుల్ల కలంతో చేసిన పనికే. పనిముట్టు ఖరీదును బట్టి కళను అంచనా వేసేవాళ్లకు ఈ ఒక్క సంగతి చెప్పాలనిపిస్తుంది నాకు.

రంగు పాకకుండా ఆపే ఇలాంటి ఏర్పాటే కాగితం తయారీలోనూ ఉండేది. మన దేశపు పాత చేతికాగితానికి గంజి పెట్టి, ఆరాక నున్నని రాయితో రుద్ది మెరుగుపెట్టేవారు. యూరప్‌లో జంతువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసిన జెలటిన్‌లో ముంచేవారు. మంచి వాటర్‌కలర్ కాగితానికి ఈనాటికీ జెలటిన్ వాడేవాళ్లున్నారు.

ప్రపంచంలో ఆర్టిస్టులు మెచ్చే మేలురకం కాగితం దేనితో చేస్తారో తెలుసా? పత్తితో. పెదకూరపాడు చుట్టూ నల్లరేగడి చేలల్లో మిర్చి పక్కన కనిపించే ఆ పత్తే. జిన్నింగ్ మిల్లులో దూది తీశాక కూడా గింజకు పొట్టి నూగు అంటుకుని ఉంటుంది. దాన్ని లింటర్స్ అంటారు. బట్ట నేయడానికి ఆ పోగు పొడవు చాలదు గానీ కాగితానికి సరిగ్గా సరిపోతుంది. పత్తి దాదాపు అచ్చమైన సెల్యులోజ్. కర్రలో మాత్రం సుమారు నాలుగో వంతు లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. న్యూస్‌ప్రింట్‌లో అది తీయకుండానే వదిలేస్తారు. కిటికీ దగ్గర వదిలేసిన పాత పేపరు కొన్ని రోజులకే పసుపెక్కేది దానివల్లే. మన జేబులో ఉన్న నోటు కూడా నూటికి నూరుపాళ్లు పత్తి కాగితమే. ఎన్ని చేతులు మారినా, ఎన్ని మడతలు పడినా అది నిలబడుతోందంటే ఆ పోగు సత్తువ అటువంటిది. ప్యాడ్ కొనేటప్పుడు అట్ట మీద ‘యాసిడ్ ఫ్రీ’ అని ఉందో లేదో తప్పక చూడండి. కాగితంలో ఆమ్లం ఉంటే బొమ్మ ఎంత బాగున్నా కాలం గడిచేకొద్దీ అది పెళుసెక్కి రాలిపోతుంది.

కాగితం మీది బొమ్మకు ఎంత ఆయుష్షు ఉండగలదో చూడాలంటే మనం దూరం వెళ్లక్కర్లేదు. పెదకూరపాడు నియోజకవర్గంలోనే అమరావతి ఉంది. అక్కడి దీపాలదిన్నెలో ఉన్న మహాస్తూపాన్ని పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇళ్లకూ కట్టడాలకూ రాళ్ల కోసం తవ్వేశారు. చెక్కిన సున్నపురాతి పలకలు కొన్ని గోడల్లోకి పోయాయి, కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. అప్పటికే ఒకసారి వచ్చి చూసి వెళ్లిన కల్నల్ కాలిన్ మెకంజీ, భారత సర్వేయర్ జనరల్ హోదాలో 1816లో మళ్లీ వచ్చాడు. ఈసారి తనతో డ్రాఫ్ట్స్‌మెన్‌ను తెచ్చాడు. వాళ్లు మిగిలిన పలకలను కొలతలు తీసుకుని ఒక్కొక్కటిగా కాగితం మీద గీశారు. పద్మాలు, మరుగుజ్జు గణాలు, ఏనుగులు, చెట్టు కింద మొక్కుతున్న జనం అన్నీ ఉన్నాయి అందులో. రాయి విరిగిన చోట ఆ విరుపును కూడా ఉన్నదున్నట్టు గీశారు. లేనిదాన్ని ఊహించి పూరించకపోవడం నాకు వాళ్ల పనిలో అన్నిటికంటే నచ్చిన గుణం.

ఆ ఆల్బమ్ ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. వాళ్లు గీసిన పలకల్లో చాలావాటి జాడ ఈరోజు ఎక్కడా లేదు. రాయి పోయింది, కాగితం మిగిలింది. అమరావతి స్తూపం ఎలా ఉండేదో చెప్పబూనిన ప్రతి పరిశోధకుడూ ఆ కాగితాలనే తిరగేయాలి. వాటిని గీసినవాళ్లు పేరున్న చిత్రకారులు కారు. సర్వే ఉద్యోగంలో భాగంగా గీతలు నేర్చినవాళ్లు. ఊళ్లోని గుడి గోపురమో, కూలడానికి సిద్ధంగా ఉన్న పెంకుటిల్లో గీసుకునే హాబీ ఆర్టిస్టు మంచి కాగితానికి నాలుగు డబ్బులు ఎక్కువ పెడితే అది దుబారా అని నేను ఒప్పుకోను.

మార్కర్ల సంగతికొస్తే, జపాన్‌లో పుట్టిన కోపిక్ మార్కర్‌కు ఆ పేరు ‘కాపీ’ నుంచే వచ్చిందని మీకు తెలుసా? 1987లో అది మార్కెట్‌లోకి వచ్చేనాటికి డిజైనర్లు జిరాక్స్ తీసిన డ్రాయింగుల మీద రంగులు వేసేవారు. మామూలు మార్కర్ తగిలితే జిరాక్స్ నల్లగీత కరిగి అలుక్కుపోయేది. జిరాక్స్ గీతలోని టోనర్‌ను కరిగించని ఆల్కహాల్ ఇంకుతో దీన్ని తయారుచేశారు. ఆల్కహాల్ చప్పున ఆవిరవుతుంది కాబట్టి పొర మీద పొర వేసినా కాగితం చివకదు. అదే నీటి ఇంకు స్కెచ్ పెన్నుతో ఒకేచోట నాలుగుసార్లు రుద్దితే పోగులు లేచి ఉండలు కడతాయి.

కోపిక్‌లో 358 రంగులున్నాయి. అన్నీ కొనాలని ఎవరూ అనుకోవద్దు. మూత మీది అక్షరం రంగు కుటుంబాన్ని చెబుతుంది, చివరి అంకె పెరిగేకొద్దీ రంగు ముదురవుతుంది. ఈ33, ఈ35, ఈ37 అనే మూడు మట్టిరంగులు తీసుకోండి. ఒకే కుటుంబం, మొదటి అంకె ఒకటే, చివరి అంకెల్లో రెండేసి తేడా. అందుకే ఒకదాన్లో ఒకటి చక్కగా కలిసిపోతాయి. ‘స్కిన్ టోన్’ పేరుతో వచ్చే సెట్లలో చాలావరకు గులాబీ ఛాయలే ఉంటాయి. వాటితో మన చేలల్లో మిరపకాయలు కోసే మనిషి ముఖం ఎప్పటికీ రాదు. ఈ మూడింటితో వస్తుంది.

అయితే ఆల్కహాల్ మార్కర్లకు ఒక పెద్ద లోటుంది. వాటిలో ఉండేది డై, అంటే ద్రవంలో పూర్తిగా కరిగిన రంగు. వెలుతురుకు అది వెలిసిపోతుంది. పిగ్మెంట్ అలా కాదు, కరగని నలుసులుగా కాగితం మీద నిలిచి ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది. జపాన్ సకురా కంపెనీ పిగ్మా మైక్రాన్ పెన్నుల్లో వాడేది పిగ్మెంట్ ఇంకే. గీతలు దాంతో గీసి రంగు మార్కర్‌తో నింపితే, రంగు తగ్గినా గీత మిగులుతుంది. పెద్ద చిత్రకారులకూ ఈ తిప్పలు తప్పలేదు. వాన్ గోహ్ వాడిన ఒక ఎరుపు వెలిసిపోవడంతో, తన పడకగది చిత్రంలో ఆయన ఊదారంగు వేసిన గోడలు ఇప్పుడు నీలంగా కనిపిస్తున్నాయి.

మీ దగ్గరున్న రంగుల ఓర్పు తెలుసుకోవడానికి ఖర్చేమీ అక్కర్లేదు. ఒక చీటీ మీద అన్ని రంగులూ వరుసగా గీసి, సగం మీద నల్ల అట్ట కప్పి, ఎండ తగిలే కిటికీకి అంటించండి. కొన్ని వారాలాగి అట్ట తీసి రెండు సగాలూ పోల్చండి. రాష్ట్రంలో ఎండ పేరు చెబితే గుర్తొచ్చే రెంటచింతల మన పల్నాడుదే కదా, పరీక్ష ఇక్కడ త్వరగానే తేలుతుంది. గోడకు కట్టాలనుకున్న బొమ్మను ముందుగా స్కాన్ చేసి దాచుకోండి. ఫ్రేమును నేరుగా ఎండ పడని గోడకు తగిలించండి.

అదే ఎండ మార్కర్లకూ శత్రువే. మూత టక్‌మని పడేదాకా నొక్కండి. వేసవిలో కారులోనో రేకుల కింద అల్మరాలోనో వదిలేయకండి. రెండు వైపులా నిబ్ ఉన్నవాటిని అడ్డంగా పడుకోబెడితే ఇంకు రెండు కొసలకూ సమానంగా అందుతుంది.

చివరిగా కొనేముందు దుకాణంలో అడగాల్సిన ప్రశ్న: దీనికి రిఫిల్ దొరుకుతుందా, నిబ్ మార్చుకోవచ్చా? కోపిక్‌కు రెండూ ఉన్నాయి. 12 మిల్లీలీటర్ల ఇంకు సీసాతో స్కెచ్ రకం మార్కర్‌ను ఆరేడుసార్లు నింపుకోవచ్చు. చౌక సెట్లలో చాలావాటికి విడి ఇంకు దొరకదు. ఒక రంగు అయిపోతే దాని కోసం మళ్లీ సెట్ మొత్తం కొనాలి. పైగా ముందు అయిపోయేది ఎప్పుడూ మనం ఎక్కువగా వాడే రంగే. కాబట్టి మొదటి నెల ఒక ప్యాడ్, ఒక పిగ్మెంట్ పెన్ను, మూడు మట్టిరంగులు కొనండి. రెండు పచ్చలు, ఒక బూడిదరంగు తర్వాతి నెలకు ఉంచుకోండి.