ఆకురాయి సంరక్షణము

నల్లమలపై నున్న అమ్రాబాదు ప్రాంతమున గొడ్డలికి, కొడవలికి పదునుపెట్టు కమ్మరికి చిన్న ఆకురాయి నిత్యావసరము. అది అరిగిపోవుటకంటె ముందే రజను నిండి పనికిరాకుండ పోవుట తరచు చూచుచున్నాము. కొద్ది శ్రద్ధ వహించినచో ఈ నష్టము తప్పును.

పనికి ముందు పొడి సుద్దముక్కతో ఆకురాయిని రుద్దవలెను. రజను పండ్లలో సులభముగా ఇరుకుకొనదు. ముందునకు తోయునప్పుడే ఒత్తి, వెనుకకు తీయునప్పుడు పైకెత్తవలెను. పని ముగియగానే తీగల కుంచెతో గాట్ల వాలు ననుసరించి తుడువవలెను. అడ్డముగా తుడిచిన పండ్లు మొద్దుబారును. ఇరుకుకొన్న ముక్కను ఇత్తడిరేకు అంచుతో నెట్టవలెను. ఇత్తడి మెత్తనిది కనుక పండ్లు చెడవు. జిడ్డు పట్టినచో కిరసనాయిలుతో కడిగి బాగుగా ఆరబెట్టవలెను. వానకాలమున త్రుప్పు పట్టకుండ పొడి చోటనుంచవలెను. ఆకురాళ్లు ఒకదానితో నొకటి రాచుకొనకుండ వేర్వేరుగా గుడ్డలో చుట్టవలెను. ఆకురాయి కఠినమైనను పెళుసు, సుత్తితో కొట్టరాదు.

2023 సెప్టెంబరు 17న ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున కమ్మరుల పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయము ఏర్పరుపబడినది. గ్రామములలో దరఖాస్తుల తొలి పరిశీలన పంచాయతీకే అప్పగింపబడినది. పనిముట్టు ఇప్పించుటతో బాధ్యత తీరదు. అది పదికాలములపాటు నిలుచునట్లు ఈ పద్ధతులను పంచాయతీ సభ్యులు పనివారికి తెలియజెప్పవలెను.