ఫ్రాన్సులో టాండెం సైకిలు విహారయాత్రలు

టాండెం అనగా ఒకరి వెనుక ఒకరు కూర్చుని ఇద్దరూ తొక్కుటకు వీలైన సైకిలు. ఫ్రాన్సు పల్లెసీమలలో దంపతులు ఈ సైకిలుపై చేసే విహారయాత్రలకు ఆ దేశ సామాజిక చరిత్రలో ప్రత్యేక స్థానమున్నది. 1936లో కార్మికులకు జీతంతో కూడిన సెలవులు చట్టబద్ధమైనపుడు, ఆ సెలవులకు టాండెం ఒక చిహ్నంగా నిలిచినది.

నిర్మాణము, పనితీరు

టాండెంలోని రెండు జతల పెడళ్ళను ఒక గొలుసు కలుపుతుంది. కావున సాధారణంగా ఇద్దరూ ఒకే వేగంతో తొక్కవలసి యుంటుంది. హ్యాండిలు, గేర్లు ముందున్నవారి అధీనంలో ఉంటాయి. వెనుకనున్నవారికి ఎదుటి దారి సరిగా కనబడదు. అందుచేత గుంత వచ్చినా, గేరు మార్చినా ముందువారు చెప్పుట అవసరము. వేర్వేరు సైకిళ్ళపై వెళ్ళినపుడు బలహీనులు వెనుకబడతారు. టాండెంపై ఇద్దరి బలమూ ఒకటిగా కలియుటచే ఆ సమస్య ఉండదు.

ఇద్దరున్నప్పటికీ గాలి నిరోధం రెట్టింపు కాదు. ఈ కారణంగా సమతల మార్గంలో టాండెం ఒంటరి సైకిలు కంటే వేగంగా పోగలదు. ఎత్తు ఎక్కునపుడు ఇద్దరి బరువునూ మోయవలసి యుండుటచే ఈ లాభం పోతుంది. ఏటవాలులో దిగునపుడు బ్రేకులు విపరీతంగా వేడెక్కుతాయి. కొండదారులకు అదనంగా డ్రమ్ము బ్రేకు గాని, డిస్కు బ్రేకు గాని అమర్చుకొనుట మేలు.

చరిత్ర

1936 మే, జూన్ నెలలలో ఫ్రాన్సు కార్మికులు పెద్ద ఎత్తున సమ్మెలు చేసి, కర్మాగారాలను ఆక్రమించారు. లియోన్ బ్లూమ్ నాయకత్వంలోని పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం 1936 జూన్ 20న సెలవుల చట్టాన్ని తెచ్చింది. ఏడాది పాటు పనిచేసిన వారికి 15 రోజుల సెలవు, దానికి జీతం లభించాయి. క్రీడలు మరియు విరామ వ్యవహారాల బాధ్యత వహించిన లియో లగ్రాంజ్, సెలవులకు వెళ్ళే కార్మికులకు 40 శాతం రాయితీతో రైలు టికెట్లు ఏర్పాటు చేశాడు. కారు కొనే స్తోమత లేని అనేక యువ దంపతులు టాండెంలపై గుడారాలు కట్టుకుని పల్లెలకు, సముద్ర తీరాలకు బయలుదేరారు.

తరువాత విషీ ప్రభుత్వం బ్లూమ్‌ను నిర్బంధించి, 1942లో రియోమ్ పట్టణంలో విచారణ జరిపినది. సెలవులు, 40 గంటల పనివారం వంటి సంస్కరణలు దేశాన్ని బలహీనపరచినవన్నది అతనిపై మోపిన ఆరోపణలలో ఒకటి. బ్లూమ్ తన వాదనలో, ఒకే రకం స్వెట్టర్లు ధరించి టాండెంలపై సాగిపోయే కార్మిక దంపతులను తాను దారిలో చూచినట్లు చెప్పాడు. కష్టజీవుల బ్రతుకులలో కొంత వెలుగు నింపగలిగినందుకు తృప్తి పొందానని అతడు పేర్కొన్నాడు.

ప్రముఖ మార్గములు

నదులు, కాలువల వెంబడి ఎత్తుపల్లాలు తక్కువ గనుక ఆ దారులు టాండెంకు అనువైనవి.

లువార్ నదీ మార్గము: సుమారు 900 కిలోమీటర్లు. అట్లాంటిక్ తీరంలోని సెయింట్ బ్రెవిన్ వద్ద ముగుస్తుంది. ఈ లోయలోని ఒక భాగాన్ని యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించినది. ఇక్కడ పడమటి గాలులు ఎక్కువ. సముద్రం వైపు వెళ్ళేవారికి తరచు ఎదురుగాలి తగులుతుంది.

మీదీ కాలువ మార్గము: టూలూజ్ నుండి మధ్యధరా తీరము వరకు సుమారు 240 కిలోమీటర్లు. కొన్నిచోట్ల దారి మట్టితో, చెట్ల వేళ్ళతో నిండి యుంటుంది.

ప్రయాణ ఏర్పాట్లు

టాండెం సాధారణ సైకిలు కంటే చాలా పొడవైనది. అన్ని రైళ్ళలో దీనిని అనుమతించరు. కావున యాత్ర మొదలుపెట్టే ఊరికి, తిరిగి వచ్చే ఊరికి రైలు సదుపాయం ముందుగానే విచారించుకొనవలెను.